బాపట్ల నుంచి రేపల్లెకి ఒక్కతే

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది మే నెలలో, రోహిణీ కార్తె ఎండలకు రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్న రోజుల్లో, రేపల్లె బజారులో ఒకావిడ బట్టల కొట్టుకు వెళ్ళి ఉన్ని మంకీ క్యాపు కావాలని అడిగింది. కొట్టాయన ముందు ఫ్యాను ఆవిడ వైపు తిప్పాడు. బల్ల చూపించి కూర్చోమన్నాడు. కుండలోంచి చల్లటి నీళ్ళు తెప్పించి ఇచ్చాడు. ఆ తరవాత, జ్వరంలో ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు మెల్లగా అడిగాడు.

"ఎవరికమ్మా? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"నాకేనండి. చేతులకు తొడుక్కునేవి కూడా ఉంటే చూపించండి."

ఆవిడ పేరు రాహేలు. ఊళ్ళోని మిషన్ బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. మెడలో పుస్తెలతాడు ఉన్నా లేకపోయినా విజిలు మాత్రం ఉండేది. ఆ విజిలు ఊదితే స్కూల్లో పిల్లలే కాక, గోడ అవతల బస్టాండులో బస్సెక్కుతున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం వరసలో నిలబడేవారు. భర్త వరప్రసాదం కాలవల ఆఫీసులో గుమాస్తా. నెమ్మదైన మనిషి. భూమి కంపించినా ముందు కాఫీ తాగేసి తరవాత లేచే రకం. పిల్లలిద్దరూ తెనాలిలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నారు. ఇంట్లో మిగిలింది అత్తగారు రాజమ్మ. ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆ పదవికి ఎన్నిక జరిగినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు, దిగిపొమ్మనే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

ఇంతకీ మంకీ క్యాపు సంగతి ఏమిటంటే, ఆ వేసవిలోనే పేపర్లో నాలుగంగుళాల వార్త ఒకటి వచ్చింది. ఎవరో విదేశీ వనిత, వయసు యాభై, ఒక కుక్కను మాత్రం వెంటబెట్టుకుని, సామాను బండి తనే లాక్కుంటూ, ఉత్తరాన అయస్కాంత ధ్రువం దాకా మంచు మీద నడిచి వెళ్ళిందట. ఆ వార్తను రాహేలు వంటింట్లో నిలబడి గట్టిగా చదివింది. రాజమ్మ చేపలు కడుగుతూ వింది.

"కుక్కెందుకట?"

"ఎలుగుబంట్లు వస్తాయట అత్తయ్యా. అవి వస్తే అరుస్తుందని."

"మరి ఆవిడ మొగుడేం చేస్తున్నాడట?"

"అది రాయలేదు."

"రాయరు. అసలు సంగతులు రాయరు వీళ్ళు," అని రాజమ్మ చేప తల వేరు చేసింది.

రాహేలుకు ఆ రోజు నుంచీ మనసు మనసులో లేదు. డ్రిల్లు టీచరుగా పన్నెండేళ్ళపాటు పిల్లల చేత 'ఎడమ, కుడి' అనిపించింది గానీ, ఆ ఎడమా కుడీ కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు. గ్రౌండు చుట్టూ తిరిగి మళ్ళీ జెండా కర్ర దగ్గరికే వచ్చేవి. అక్కడ, భూమి కొసన, ఒక ఆడమనిషి తిన్నగా నడుచుకుంటూ పోయింది. ఎవరూ ఆపలేదు. ఎవరూ పిలవలేదు. ఆ మాట తలుచుకుంటే రాహేలుకు కూడికల్లో తప్పు పడేది, కూరలో ఉప్పు రెండుసార్లు పడేది.

ఆ రోజుల్లో రేపల్లెలో చలి అనేది దొరికే చోటు ఒక్కటే. నిజాంపట్నం నుంచి వచ్చే చేపలకూ రొయ్యలకూ దిమ్మలు తయారుచేసే బసవపున్నయ్యగారి ఐసు ఫ్యాక్టరీ. రాహేలు ఒక ఉదయం మంకీ క్యాపు పెట్టుకుని, వరప్రసాదం పెళ్ళినాటి కోటు చీర మీద తొడుక్కుని, అక్కడికి వెళ్ళి దిమ్మలు దాచే గదిలో కాసేపు నిలబడనివ్వమని అడిగింది.

బసవపున్నయ్య ఆమెను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశాడు.

"లోపల ఏం చేస్తావమ్మా?"

"ఏం చేయనండి. నిలబడతాను."

"నా దగ్గర పనిచేసేవాళ్ళు దిమ్మ తీసుకుని పరుగెత్తుకొస్తారు. నిలబడతానన్నవాళ్ళు ఇంతవరకు తగల్లేదు. చేపలైతే పాడవ్వవని నేను హామీ ఇస్తాను. టీచర్ల సంగతి నాకు తెలియదు."

చివరికి ఒప్పందం ఏమిటంటే, ఆమె లోపల ఉన్నంతసేపూ మధ్యమధ్య విజిలు ఊదుతూ ఉండాలి. విజిలు ఆగితే తలుపు తీసి బయటికి లాగుతారు. అలా ఆ వేసవి సెలవులంతా రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ గోడల్లోంచి విజిలు వినపడేది. ప్రతి విజిలుకీ బసవపున్నయ్య బయటినుంచి "ఆఁ, ఉన్నావామ్మా?" అని కేకేసేవాడు. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు, ఈ ఊళ్ళో ఐసుకు కూడా పోలీసు కాపలా ఉందనుకుని వెళ్ళిపోయేవారు.

అక్టోబరులో స్కూలు నోటీసు బోర్డు మీదికి ఒక ప్రకటన వచ్చింది. హిమాలయాల్లో ఒక పర్వతారోహణ శిక్షణ సంస్థ ఆ జనవరిలో మహిళా టీచర్ల కోసం శీతాకాల శిబిరం నడుపుతోంది. చివరిరోజు ఒక్కొక్కరూ సామాను బండి లాక్కుంటూ ఒక మంచు మైదానాన్ని ఒంటరిగా దాటాలి. రాహేలు ఆ ప్రకటన చదివి, ముందు విజిలు ఊదింది. తరవాత కరస్పాండెంటు గదికి పరుగెత్తింది.

కరస్పాండెంటు దేవసహాయంగారే చర్చి పాస్టరు కూడా. అందరూ అయ్యగారు అంటారు. ఏడుగురు పిల్లల తండ్రి. కాదు అనే మాట నోటితో అనడు. అవతలివాళ్ళే దాన్ని కనిపెట్టి వెళ్ళిపోయేలా మాట్లాడతాడు.

"సెలవిస్తానమ్మా రాహేలూ. సెలవెంతలే. కానీ రేపు అక్కడ మంచులో నువ్వు కూలబడితే, పంపినవాడెవడని నన్నడుగుతారు. ముందు ఇక్కడ నడిచి చూపించు. బాపట్ల నుంచి రేపల్లె దాకా. నువ్వు చెబుతున్నావే ఆ దొరసాని, ఆవిడ పద్ధతిలోనే. తోడు ఉండకూడదు. బండి ఎక్కకూడదు. ఎవరి చేతి నీళ్ళూ, ఎవరి చేతి మెతుకూ ముట్టకూడదు. ఒంటరిగా వచ్చానని నాకు నమ్మకం కుదిరిందా, ఆ రోజే సెలవు."

"అంతేనా అయ్యగారూ?" అంది రాహేలు. ఆమె కాళ్ళు ఆమెకు తెలుసు.

"అంతే," అన్నాడు దేవసహాయంగారు. ఆయనకు మన జనం తెలుసు.

మంచు మీద బండి లాగాలంటే నేల మీద టైరు లాగి అలవాటు చేసుకోవాలని రాహేలు లెక్క. తెనాలిలో అన్న సంజీవరావుకు పాత టైర్లకు కొత్త రబ్బరు వేసే షాపు ఉంది. శనివారం పొద్దున్నే తెనాలి వెళ్ళి అరిగిపోయిన లారీ టైరు ఒకటి అడిగింది. ఆయన కారణం అడగలేదు. చెల్లెలు ఏం అడిగినా కారణం అడగకుండా ఇచ్చి, తరవాత పశ్చాత్తాపపడటం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. టైరుకు తాడు కట్టి, తాడు నడుముకు చుట్టి, అదే పనిగా తెనాలి స్టేషను దాకా లాక్కొచ్చింది. ప్లాట్‌ఫారం మీద టికెట్ కలెక్టరు ఆపాడు.

"ఏంటమ్మా ఇది?"

"టైరండి."

"టైరని తెలుస్తూనే ఉంది. ఇది రైల్లో ఎందుకు వెళుతోంది? దీని మీద లారీ వెళ్ళాలి గానీ."

లగేజీ టికెట్టు తీసుకుని, టైరును బోగీ తలుపు దగ్గర నిలబెట్టి, ఆ సాయంత్రానికి రేపల్లె చేరింది.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. అలాంటి పొరపాటు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. ఆదివారం ఆరాధనలో దేవసహాయంగారు, ఎంతో మంచి మనసుతో, "మన సహోదరి రాహేలు వచ్చే శనివారం బాపట్ల నుంచి ఒంటరిగా నడిచి రాబోతోంది, ఆమె కోసం ప్రార్థించండి" అని ప్రకటించాడు. సంఘం కళ్ళు చెమర్చాయి. ఆరాధన అయిపోగానే స్త్రీల సమాజం చెట్టు కింద అత్యవసరంగా సమావేశమైంది. రాజమ్మ అధ్యక్షత వహించింది.

"నా కోడలు మొండిది. వెళ్ళొద్దంటే వినదు. కాబట్టి దాన్ని ఒంటరిగా పంపుదాం. కానీ ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లను ఒక్కదాన్నే ఎలా పంపుతాం?"

అందరం వెనకాలే వెళదామన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

శనివారం తెల్లవారుతూనే రాహేలు టైరుతో సహా బాపట్ల స్టేషనులో దిగేసరికి, ఎదురుగా పన్నెండుమంది ఆడవాళ్ళు క్యారియర్లతో, చేతిసంచులతో, గొడుగులతో నిలబడి ఉన్నారు. ముందు రోజే వచ్చి బంధువుల ఇళ్ళలో పడుకున్నారట.

"అత్తయ్యా! నేను ఒంటరిగా నడవాలి!"

"నడువు. వద్దన్నదెవరు? మేం వెనకాల వస్తాం. నీ ఒంటరితనానికి అడ్డం రాం."

"మీరుంటే ఒంటరితనం ఎక్కడుంటుంది?"

"నువ్వు వెనక్కి చూడకు. సరిపోతుంది."

రాహేలు వెనక్కి చూడలేదు. అయినా వినపడేది. ముందు టైరు గరగర, దాని వెనక పన్నెండు జతల చెప్పులు, ఆపైన కీర్తనలు. కీర్తన కీర్తనకీ మధ్య, ఎవరి కోడలు ఎలాంటిదో. ఊరు దాటకముందే పంక్చర్ షాపు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి, "అక్కా, లారీ ఎక్కడ ఆగింది?" అని అడిగారు. లారీ లేదంది. లేకుండా టైరు ఎందుకని వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటూ కొంతదూరం వెంట వచ్చారు. కర్లపాలెం వచ్చేసరికి, ఇదేదో ఊరేగింపు అనుకుని ఓ పార్టీ కార్యకర్తలు జెండాలు తెచ్చి వెనక కలిశారు. ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు. 'వర్ధిల్లాలి' అని ఒకడు అరిస్తే, ఏది వర్ధిల్లాలో తెలియకపోయినా మిగతావాళ్ళు బదులు పలికారు. కొబ్బరిబోండాల సైకిలు ఒకటి, పీచుమిఠాయి గంట ఒకటి తమంతట తామే వచ్చి చేరాయి. ఉత్తర ధ్రువానికి బయలుదేరిన రాహేలు తిరనాళ్ళకు నాయకత్వం వహిస్తోంది.

కర్లపాలెం దాటాక, రోడ్డు పక్కనే పెద్ద అరుగుల ఇల్లు ఒకటి ఉంది. ఆసామి వెంకటప్పయ్య, భార్య హైమావతి. ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. ఆ ఇంటి ముందు నుంచి ఎండలో వెళ్ళే మనిషి చల్ల తాగకుండా వెళ్ళిన చరిత్ర లేదు. ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ళకు కూడా పోసేవారు. హైమావతి పెద్ద ఇత్తడి గ్లాసుతో గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది.

"ఆగమ్మాయ్. ముందిది తాగు."

"వద్దు పిన్నిగారూ. తాగకూడదు."

"ఉపవాసమా?"

"కాదండి."

"కులమా?"

"అయ్యో, అదేం కాదండి. ఎవరి చేతిదీ తీసుకోకూడదని నియమం. ఉత్తర ధ్రువానికి..."

"ఎక్కడికైనా వెళ్ళు తల్లీ. మా ఇంటి ముందు నుంచి ఆడకూతురు గొంతెండిపోయి వెళితే రేపు నేను నలుగురిలో ఎలా తిరగను?"

రాహేలు దణ్ణం పెట్టి తాడు బిగించింది. రెండడుగులు వేసేసరికి టైరు కదల్లేదు. వెనక్కి చూసింది. హైమావతి గ్లాసు తొణక్కుండా పట్టుకుని, టైరు మీద తీరుబడిగా కూర్చుని ఉంది.

"తాగితేనే లేస్తాను."

ఐసు ఫ్యాక్టరీలో వణికి రాటుదేలిన ఒళ్ళు అది. రాహేలు పళ్ళు బిగించి లాగింది. టైరు కదిలింది. హైమావతి కూడా కదిలింది. వెనక జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ జీవితంలో కారెక్కలేదు, ఎద్దుబండి పడదు.

"బాగానే ఉందే ఇది! కుదుపు లేదు," అంది హైమావతి. "ఏవండీ, చూశారా? ఆ చింతచెట్టు దాకా పోనీ అమ్మాయ్!"

చింతచెట్టు దగ్గర రాహేలుకు నవ్వు వచ్చింది. నవ్వు వచ్చాక ఇక ఓపిక నిలవదు. నడుము పట్టుకుని నవ్వుతూ రోడ్డు మీదే కూలబడింది. హైమావతి అదే అదనుగా గడ్డం పట్టుకుని గ్లాసు నోట్లో ఒంపింది. అల్లం, కరివేపాకు వేసిన చల్ల. దాని రుచి గురించి రాహేలు తరవాత ఎంతోమందికి చెప్పింది. ఆ నిమిషంలో మాత్రం గొంతు దిగిన ప్రతి గుక్కా ఒక జనవరిని మింగేసింది.

సాయంత్రం రేపల్లెలో ట్రాక్టరు మీంచి టైరూ, స్త్రీల సమాజమూ దిగుతుంటే దేవసహాయంగారు వాకిట్లో నిలబడి చూశాడు.

"కాళ్ళు ఓడిపోలేదమ్మా నీవి," అన్నాడు జాలిగా. "మనుషులు గెలిచారు. ఆ దొరసానికేం, అక్కడ ఎలుగుబంట్లేగా ఉన్నది. అవి చల్ల తాగమని పట్టుబట్టవు."

రాహేలు మూడురోజులు విజిలు ఊదలేదు. పిల్లలు డ్రిల్లులో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు నిలబడ్డారు. ఆమెకు తెలిసిపోయింది. ధ్రువం దగ్గర ఒంటరితనం ఊరికే దొరుకుతుంది, చలి ఒక్కటే కష్టం. మన కాలవల దేశంలో చలి బసవపున్నయ్యగారి దగ్గర దొరుకుతుంది గానీ, ఒంటరితనం ఎంత పెట్టినా దొరకదు. నడిచే మనిషిని చూస్తే 'ఎక్కడికి?' అనాలి. అన్నాక 'ఒక్కదానివేనా?' అనాలి. ఆపైన చెంబు తేవాలి. ఎవరిని తప్పుపడుతుంది? తను అరుగు మీద ఉన్నా అదే చేసేది.

డిసెంబరులో కుటుంబ సంక్షేమ పక్షోత్సవాలు వచ్చాయి. ఆ రోజుల్లో ఇవి వచ్చాయంటే ప్రభుత్వ సిబ్బందితోపాటు టీచర్లకూ పని పడేది. ఊళ్ళ వెంట తిరిగి, ఇద్దరు పిల్లలు చాలని చెప్పి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషనుకు మనుషుల్ని ఒప్పించి తీసుకురావాలి. ఆ మనుషుల్ని కేసులు అనేవారు. రాహేలు ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి, ఎర్ర త్రికోణం వేసిన ప్రచారం బోర్డు భుజాన పెట్టుకుని ఇంటికి బయలుదేరింది.

సగం దూరం వచ్చాక ఆమెకు ఏదో తేడాగా అనిపించి ఆగింది. బజారులో ఎవరూ లేరు. ఇందాక పేకాడుతున్న నలుగురూ, పేకలు అక్కడే ఉండగా, లేరు. బట్టల కొట్టు తలుపు సగం మూసి ఉంది. లోపల ఫ్యాను మాత్రం తిరుగుతోంది. పాలవాడు ఆమెను చూసి, చూడనట్టు సైకిలు తిప్పుకుని, వచ్చిన దారిన వెళ్ళిపోయాడు. ఎవరూ 'ఎక్కడికి టీచరుగారూ?' అనలేదు. రాహేలు నడిరోడ్డు మీద, ఎర్ర త్రికోణం కింద, జీవితంలో మొదటిసారి పూర్తిగా ఒంటరిగా నిలబడింది.

అక్కడే, నిలబడినచోటే, విజిలు ఊదింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి, బాపట్ల నుంచి రేపల్లె దాకా రోడ్డు పక్క ఊళ్ళన్నిటికీ బోర్డు తిప్పే పని తనకివ్వమని అడిగింది. అక్కడి ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ పనికి మనుషుల్ని బతిమాలడమే గానీ, మనుషులు వచ్చి బతిమాలడం ఆయన సర్వీసులో లేదు. బోర్డుతోపాటు చిన్న జెండాలు కూడా ఇచ్చాడు.

ఈసారి రాహేలు భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి పక్షోత్సవాల డ్యూటీ అని చెప్పింది. అది అబద్ధం కాదు.

"నేను సైకిలు మీద, కాస్త వెనగ్గా..." అని మొదలుపెట్టాడు వరప్రసాదం.

"వద్దండి."

"అరమైలు దూరంలో?"

"ఏవండీ!"

"సరే. అయితే నేనేం చెయ్యాలి?"

"ఎవరికీ చెప్పకూడదు."

రేపల్లెలో మగవాడు కడుపులో మాట రెండురోజులు దాచుకోవడమంటే, అదీ ఒక సాహసయాత్రే. వరప్రసాదం ఆ రెండురోజులూ ఎవరు పలకరించినా నోట్లో వక్కపొడి వేసుకుని తలూపుతూ గడిపాడని ఆఫీసులో చెప్పుకున్నారు.

బాపట్లలో టైరుకు నిలువుగా కర్ర పాతి, కర్రకు బోర్డు కట్టి, చుట్టూ జెండాలు గుచ్చి, సొంత నీళ్ళు, సొంత చపాతీలు టైరు గుంటలో పెట్టుకుని రాహేలు కదిలింది. పంక్చర్ షాపు కుర్రాళ్ళు దూరంనుంచి టైరును చూసి గుర్తుపట్టి, "అక్కా!" అంటూ నాలుగడుగులు వచ్చి, బోర్డు చదివి, టక్కున ఆగి, అంతకంటే వేగంగా వెనక్కి వెళ్ళారు. పెళ్ళి కానివాళ్ళు కూడా పరుగెత్తారు. కేసుల కొరత ఎక్కువగా ఉన్నప్పుడు పెళ్ళి సంగతి పట్టించుకోరని ఒక పుకారు ఉండేది.

ఆ తరవాత రోడ్డు ఆమెదే. వరి కోతలైన పొలాలు, తాటిచెట్లు, కాలవ నీళ్ళ మీద కొంగలు. ఊళ్ళు వచ్చేవి గానీ మనుషులు వచ్చేవారు కాదు. ముందు ఎవరో ఒకరు చూసేవారు, ఒక కేక వినపడేది, ఆపైన తలుపుల చప్పుళ్ళు వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వరసగా, వాన చినుకుల్లా. కర్లపాలెంలో టీకొట్టు ముందు పొగలు కక్కుతున్న గ్లాసులు వరసగా ఉన్నాయి. తాగేవాళ్ళు లేరు. బల్ల కింద మాత్రం కొన్ని కాళ్ళు కనపడ్డాయి. రాహేలు వాటి గౌరవార్థం తల తిప్పుకుంది. ఆమెకు లోపల్లోపల కేరింతలు కొట్టాలనిపించింది. కొట్టింది కూడా. ఎవరు వింటారు?

కానీ కర్లపాలెం దాటాక ఆ అరుగుల ఇల్లు ఉంది. దూరంనుంచి దాన్ని చూడగానే రాహేలు నడుముకు తాడు బిగించుకుంది. వెంకటప్పయ్య పంచె ఎగ్గట్టుకుని గడ్డివాము వెనక్కి పరుగెత్తడం కనపడింది. హైమావతి కదల్లేదు. గేటు దగ్గరే ఉంది. చేతిలో ఇత్తడి గ్లాసు.

"లోపలికి రావే! నీ పేరు రాసుకుంటారు!" అని గడ్డివాము అరిచింది.

"రాసుకోనీండి. నా వయసుకి నా పేరు రాసుకుంటే ప్రభుత్వమే సిగ్గుపడాలి," అంది హైమావతి. "అమ్మాయీ, నువ్వేనా! ఈసారి బోర్డు కూడా తెచ్చావే. ఆగు, చల్ల తెచ్చాను. మొన్నటి చింతచెట్టు దాకా కూర్చుంటాను కూడా."

గేటు తెరుచుకుంది. గ్లాసు రోడ్డెక్కింది. అల్లం వాసన రాహేలు దాకా వచ్చేసింది. ఎలుగుబంటి ఎదురొస్తే ఆ దొరసాని ఏం చేసిందో పేపర్లో రాయలేదు. రాహేలు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, గొంతు సవరించుకుని, డ్రిల్లు గొంతుతో అడిగింది.

"పిన్నిగారూ! బాబాయిగారు ఇంట్లో ఉన్నారా అండి?"

హైమావతి ఆగిపోయింది. గడ్డివాము ఊపిరి బిగబట్టింది.

"ఎందుకమ్మా?"

"ఒక్క మాట మాట్లాడాలి. ఆయనతో."

హైమావతి బోర్డు వైపు చూసింది, గడ్డివాము వైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించింది.

"ఆయన ఊళ్ళో లేరు. వేటపాలెం వెళ్ళారు. నెల దాకా రారు. నువ్వెళ్ళిరా తల్లీ, ఎండ పడుతుంది," అని ఒక్క ఊపులో వెనక్కి తిరిగి గేటు వేసి గొళ్ళెం పెట్టింది. చల్ల సగం గుమ్మంలోనే ఒలికిపోయింది.

ఆ రాత్రి రాహేలు తాళం వేసిన బడి వరండాలో టైరుకు ఆనుకుని పడుకుంది. మర్నాడు చెరుకుపల్లి మీదుగా, కాళ్ళకు బొబ్బలతో, ఎండకు నల్లబడిన ముఖంతో, పొద్దు వాలుతుండగా రేపల్లెలో అడుగుపెట్టింది. అక్కడా వీధి ఖాళీ అయింది. దేవసహాయంగారు వాకిట్లో పేపరు చదువుకుంటూ, త్రికోణం వంక చూసి, మనిషిని చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఏడుగురు పిల్లల తండ్రికి ఆ మాత్రం చురుకు ఉంటుంది. ఆమె విజిలు ఊదాకే కిటికీ తెరుచుకుంది.

"వచ్చాను అయ్యగారూ. ఒంటరిగా."

ఆయన జాగ్రత్తగా బయటికి వచ్చి, టైరునూ బొబ్బలనూ చూశాడు. మనసు కరిగింది గానీ, బుర్ర కరగలేదు.

"నేను నమ్ముతానమ్మా. కానీ నమ్మకం కుదరాలంటే సాక్ష్యం కావాలి. నిన్ను చూసినవాళ్ళెవరు?"

"ఎవరూ లేరండి. ఒంటరిగా వచ్చానుగా."

"ఎవరూ చూడకపోతే ఒంటరిగా వచ్చావని ఎలా తెలుస్తుంది?"

"చూసినవాళ్ళుంటే ఒంటరిగా ఎలా వచ్చినట్టు?"

ఇద్దరూ అక్కడ ఆగిపోయారు. ఇది వేదాంతంలో పడిందని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. రాహేలు ముఖంలో జనవరి మళ్ళీ కరగడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. మర్నాడు ఆదివారం, ఆరాధన అయ్యేసరికి చర్చి ముందు ఒక ట్రాక్టరు ఆగింది. దాంట్లోంచి పదిమంది పెద్దమనుషులు దిగారు. ముందు వెంకటప్పయ్య, తలపాగాలో ఇంకా ఒక గడ్డిపోచతో. ఆయన దేవసహాయంగారికి నమస్కారం పెట్టి, సూటిగా సంగతిలోకి వచ్చాడు.

"అయ్యగారూ, ఇది ఫిర్యాదండి. మీ స్కూలు టీచరమ్మ ఎర్ర బోర్డు పెట్టుకుని మా ఊళ్ళ మీదికొచ్చి పెద్దా చిన్నా లేకుండా హడలగొట్టింది."

దేవసహాయంగారు కళ్ళజోడు సరిచేసుకున్నాడు. సంఘమంతా చుట్టూ మూగింది. రాజమ్మ ముందు వరసలో ఉంది.

"ఎంతమంది వచ్చారు బాబూ?"

"ఎంతమందేంటండి, ఒక్కత్తే. అదే భయం. నలుగురొస్తే మాట్లాడి పంపేవాళ్ళం."

"తోడెవరూ లేరా? సరిగా చూశారా?"

"తలుపు సందుల్లోంచి చూశామండి, బాగా చూశాం. మనిషన్నవాడు ఆ చుట్టుపక్కల లేడు. మేమే లేం!"

"బండేమైనా ఎక్కిందా?"

"ఎక్కించుకునే ధైర్యం ఎవడికండి?"

"మంచినీళ్ళు? చల్ల?"

వెంకటప్పయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "మా ఆవిడ చల్ల పట్టుకుని రోడ్డు మీదికి కూడా వచ్చిందండి. ముట్టలేదు. మా ఇంటి ముందు నుంచి చల్ల తాగకుండా వెళ్ళిన మొదటి మనిషి. అది మాకు అవమానం. అది కూడా రాసుకోండి."

దేవసహాయంగారు తల దించుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. దుఃఖిస్తున్నాడేమోనని స్త్రీల సమాజం దగ్గరికి జరిగింది. ఆయన నవ్వు ఆపుకోవడంలో ఓడిపోయాడు.

"రాహేలూ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "సెలవు. వెళ్ళిరా."

రాజమ్మ అందరికంటే ముందు తేరుకుంది. "మరైతే ఆ హిమాలయాలకు ఎవరెవరం వెళదాం?" అంది.

రాహేలు జనవరిలో వెళ్ళింది. తెనాలి స్టేషనులో ఎక్కించడానికి ఊరు ఊరే వచ్చింది గానీ, రైలు కదిలాక ఆమె ఒక్కతే. బసవపున్నయ్య దారిలో తాగమని ఫ్లాస్కు ఇచ్చాడు. హైమావతి చల్ల మిరపకాయలు పంపింది. చివరిరోజు మంచు మైదానాన్ని ఆమె ఒక్కతే బండి లాక్కుంటూ దాటింది. చుట్టూ తెలుపు. అలికిడి లేదు, అరుగు లేదు, గేటు లేదు. 'ఎక్కడికి?' అన్నవాడు లేడు. సగం దూరం దాకా ఆమె ఆనందానికి అంతు లేదట. ఆ తరవాత కాస్త తోచలేదట. విజిలు ఊది, బదులు కోసం ఒక్క క్షణం ఆగిందట. 'ఆఁ, ఉన్నావామ్మా?' అని ఎవరూ అనలేదు. ఉన్నానని తనే గట్టిగా చెప్పుకుని మిగతా సగం నడిచింది.

అవతలి ఒడ్డున, తన తరవాత వంతు వచ్చి, ఎదురు దిశలో బయలుదేరుతున్న ఒక పంజాబీ టీచరు కనపడింది. మంచు కళ్ళజోడుతో, నడుముకు తాడుతో, పళ్ళు బిగించి, ఒంటరితనానికి సిద్ధపడి. రాహేలు తన బండి ఆమెకు అడ్డంగా ఆపింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎక్కడికమ్మా, ఒక్కదానివే?" అంటూ ఫ్లాస్కు మూత తిప్పింది.